ద్రాక్షారామం దీపానికి లెక్క ఉంది, కొండ నీళ్లకు లెక్క ఏది?

ఇది కొంచెం పెద్ద పోస్టు. పరీక్షల హడావుడిలో ఉన్నవాళ్లు తర్వాతైనా తీరిగ్గా చదవండి.

డిగ్రీ రోజుల్లో మా హాస్టల్ నుంచి నలుగురం ఒక ఆదివారం ద్రాక్షారామం గుడి చూద్దామని వెళ్లాం. మార్చి నెల. మా ఊరు శబరికి పైన కొండ మీద ఉంటుంది. ఆ నెల వచ్చేసరికి వాగు ఎండిపోతుంది. ఆడవాళ్లు ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు గిన్నెతో తోడి బిందె నింపుకుంటారు. ఇక్కడ చూస్తే రోడ్డు పక్కన కాలువ నిండుగా పారుతోంది. రెండు పక్కలా వరి కంకి మీద ఉంది. వానలు పోయి నాలుగు నెలలైంది కదా, ఈ నీళ్లెక్కడివని గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగాను.

“సీలేరు నీళ్లు బాబూ. పైన కరెంటు తీసుకుని వదులుతారు. అవి దిగకపోతే మాకు దాళ్వా లేదు” అన్నాడు.

సీలేరు నాకు తెలియనిది కాదు. అది శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, గోదావరి పాపికొండల మధ్య నుంచి పోలవరం దాటి ధవళేశ్వరం చేరుతుంది. అక్కడి నుంచి తూర్పు డెల్టా కాలువల్లో పడి ఇక్కడిదాకా వచ్చింది. అంటే మా అమ్మ చెలమ దగ్గర నిలబడి కింద చూసే నీళ్లే ఇవి. ఆ మాట విన్నాక గుడిలోకి వెళ్లినా నా మనసు కాలువ దగ్గరే ఉండిపోయింది.

ఒక దేశం తన అడవినీ నీటినీ నేలనూ ఎంత బాగా చూసుకుంటోందో ఎలా కొలవాలి? అమెరికాలోని యేల్, కొలంబియా యూనివర్సిటీల వాళ్లు రెండేళ్లకోసారి దేశాలకు పర్యావరణ ర్యాంకులు ఇస్తుంటారు. 2022లో 180 దేశాల్లో మన దేశానికి 180వ స్థానం ఇచ్చారు. కొలిచిన పద్ధతే తప్పని మన కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2024లో 176వ స్థానం వచ్చింది. ఆ గొడవలో ఎవరిది కరెక్టో తేల్చడం నా పని కాదు. నా ఇబ్బంది వేరే ఉంది. దేశం మొత్తానికి ఒకే నంబరు ఇస్తే నిండు కాలువా, మా చెలమా ఒకే గంపలో పడిపోతాయి. ఒకే నది మీద పైన ఉన్నవాళ్లు ఏం పోగొట్టుకున్నారు, కింద ఉన్నవాళ్లకు ఏం వచ్చింది అని విడివిడిగా చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే మన గోదావరి చరిత్రనే ఆ కంటితో ఒకసారి చూద్దాం.

రాతి మీద రాసిన లెక్క

ద్రాక్షారామం భీమేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన గుడి. గుడి కోనేరు పేరు సప్తగోదావరి. ఏడుగురు ఋషులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారని కథ. ఆ కథ కంటే నన్ను ఆపింది అక్కడి రాళ్లు. గోడల మీద, స్తంభాల మీద వందల కొద్దీ శాసనాలు ఉన్నాయి. తెలుగు, సంస్కృతం, కొన్ని తమిళం.

వాటిలో చాలా భాగం అఖండ దీపం గురించే. ఎవరో ఒకరు దేవుడి ముందు ఆరని దీపం పెట్టాలనుకుంటారు. రాజు కావచ్చు, రాణి కావచ్చు, వ్యాపారి కావచ్చు. దీపానికి నెయ్యి కావాలి. నెయ్యికి మంద కావాలి. అందుకని గొర్రెలనో ఆవులనో గుడికి ఇస్తారు. ఆ మందను బోయలు తీసుకుంటారు. శాసనాల్లో బోయలంటే గుడి మందలు కాసేవాళ్లు. ఇప్పటి కులం పేరుతో ముడిపెట్టి నేనేమీ అనడం లేదు. మంద తీసుకున్నవాడు రోజూ ఇంత నెయ్యి పొయ్యాలి. ఇచ్చిందెవరు, తీసుకుందెవరు, బదులుగా పొయ్యాల్సిందేమిటి, అన్నీ రాతి మీద ఉన్నాయి.

అప్పటి రాజ్యం గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ రాళ్ల మీద అడవి మనుషుల మాట మనకు పెద్దగా దొరకదు. నాకు నచ్చింది ఆ లెక్క పద్ధతి ఒక్కటే. వెలుగు ఒకచోట కనబడాలంటే ఇంకోచోట ఒక మంద బతకాలి, దాన్ని కాసే మనిషి బతకాలి అని వాళ్లకు తెలుసు. తీసుకున్నవాడి మీద బాకీ ఉంటుందని కూడా తెలుసు. మరి కాలువకు అలాంటి రాయి ఎక్కడుంది?

ఆనకట్ట వచ్చింది

1832–33లో వచ్చిన నందన నామ సంవత్సరం కరువును డొక్కల కరువు అంటారు. గుంటూరు సీమ అయితే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1839లో వచ్చిన తుపాను కోరింగ రేవును ముంచేసింది. గోదావరి పక్కనే పారుతున్నా కింద పొలానికి నీళ్లు లేవు. వస్తే వరద, పోతే కరువు. రాజమండ్రి జిల్లా జనం వలసపోతుంటే కంపెనీ ప్రభుత్వానికి శిస్తు పడిపోయింది. అప్పుడు హెన్రీ మౌంట్‌గోమరీ జిల్లా పరిస్థితి మీద నివేదిక ఇచ్చాడు. ఆర్థర్ కాటన్ ఆనకట్టకు ప్లాన్ వేశాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నదికి అడ్డంగా కట్టారు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. దాని కింద డెల్టా ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు.

కాటన్ దొర విగ్రహానికి డెల్టా రైతులు దండలేస్తే నాకేమీ అభ్యంతరం లేదు. ఆకలి చావులు ఆపిన పని అది. మన తల్లిదండ్రులు కూడా రేషన్ షాపులో తెచ్చుకునే బియ్యం ఇలాంటి ఆయకట్టు నుంచే వస్తున్నాయి. ఏమాటకామాట చెప్పుకోవాలి.

అయితే అదే నది మీద, అదే ప్రభుత్వం, కొద్ది ఏళ్ల తేడాలో కొండల్లో ఏం చేసిందో పక్కన పెట్టి చూడండి.

అదే ప్రభుత్వం, పై ఊళ్లు

1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి హ్యూ క్లెగార్న్ మొదటి అడవుల కన్సర్వేటర్ అయ్యాడు. అడవి తగ్గిపోతోంది, కాపాడాలన్న మాట అప్పుడే గట్టిగా మొదలైంది. మాట మంచిదే. కానీ అడవిని తినేస్తున్నది ఎవరు అన్నప్పుడు వేలు పోడు కొట్టే మనిషి వైపు తిరిగింది. ఓడలకూ రైలు పట్టాల కింద స్లీపర్లకూ పోయే కలప మాత్రం ప్రభుత్వానికి రాబడి. ఒకే చెట్టు మీద రెండు గొడ్డళ్లు పడుతుంటే ఒకటి నేరం, ఇంకోటి ఆదాయం అయ్యాయి.

రేకపల్లి ప్రాంతం కథ మనోళ్లందరూ తెలుసుకోవాలి. ఇప్పటి వి.ఆర్.పురం వైపు ఊళ్లు అవి. 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేవి. అక్కడ పోడుకు గొడ్డలి లెక్కన పన్ను తక్కువే ఉండేది. మద్రాసు కిందికి మార్చాక ఆ పన్ను బాగా పెరిగింది, కొన్ని చోట్ల పోడే వద్దన్నారు. అటు రంప కొండల్లో మన్సబుదారు జీలుగు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. ఆబ్కారీ కొత్త నిబంధనలు, కల్లు కాంట్రాక్టర్లు వచ్చాక సొంత చెట్టు గీసుకుని తాగడం కూడా నేరమైంది. పైగా పోలీసుల లంచాలు, మైదానం షావుకార్ల కోర్టు దావాలు.

1879 మార్చిలో రంప లేచింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి నడిపిన ఆ తిరుగుబాటు గూడెం కొండలకూ రేకపల్లికీ పాకింది. రేకపల్లిలో అది ఎందుకు అంత తేలిగ్గా అంటుకుందో పైన చెప్పిన పోడు పన్ను చూస్తే అర్థమవుతుంది. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వానికి పెద్ద సంఖ్యలో పోలీసులు, సైన్యం కావాల్సి వచ్చింది. మూడేళ్లకు, అంటే 1882లో, మద్రాసు అడవి చట్టం వచ్చింది. రిజర్వు అడవి గీతలు మన ఊళ్ల అంచుదాకా వచ్చేశాయి. 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర నడిపిన పోరాటం అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ చెప్పను. రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించుకోవడం, పోడు మీద ఆంక్షలు దాని వెనకా ఉన్నాయని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. 1852లో కింద కాలువ వచ్చింది. 1882కి పైన అడవి మూసేశారు. కింద రైతుకు ప్రకృతిని వాడుకో అన్నారు, పైన ఆదివాసీకి ప్రకృతిని ముట్టుకోకు అన్నారు. ఆ విభజన ఇంగ్లీషువాడితో పోలేదు. స్వాతంత్ర్యం తర్వాత వెదురు రాజమండ్రి కాగితం మిల్లుకు కూపుల లెక్కన పోయింది. అదే వెదురు బుట్ట అల్లుకోవడానికి కోస్తే గార్డు ఆపేవాడు. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చేదాకా కాగితం మీద కూడా ఆ హక్కు మనకు స్పష్టంగా లేదు.

దాళ్వా నీళ్ల పుట్టుక

ఇప్పుడు ఆ పెద్దాయన చెప్పిన సీలేరు సంగతికి వద్దాం. సార్వా వానాకాలపు పంట, గోదావరిలో నీళ్లకు కొదవ ఉండదు. దాళ్వా ఎండాకాలం వైపు పోయే పంట. జనవరి దాటితే గోదావరిలో సహజంగా వచ్చే నీళ్లు పడిపోతాయి. అప్పుడు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి కరెంటు తీశాక వదిలే నీళ్లే పెద్ద ఆధారం. ప్రతి ఏడాదీ దాళ్వాకు ముందు సీలేరు నుంచి ఎన్ని టీఎంసీలు వస్తాయో లెక్క వేసుకున్నాకే ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో చెబుతారు.

ఆ నది పైభాగాన్ని మాచ్‌ఖండ్ అంటారు. మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. దాని జలాశయంలో ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ఊళ్లు మునిగాయి. కదిలినవాళ్లలో ఆదివాసీలు చాలామంది. దాని కింద బలిమెల. ఆ జలాశయం నిండాక మల్కన్‌గిరి వైపు 151 ఊళ్లు మూడు పక్కలా నీళ్లు, ఒక పక్క కొండలతో లోకానికి దూరమైపోయాయి. ఆస్పత్రికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా పడవే దిక్కు. వాళ్ల కోసం గురుప్రియ వంతెన తెరిచింది 2018 జులైలో. దశాబ్దాల పాటు వాళ్లు అలాగే బతికారు. ఆ దశాబ్దాలన్నీ కింద దాళ్వా పండుతూనే ఉంది.

బలిమెల కింద ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు కేంద్రం. కరెంటు తీగలు మన కొండల మీదుగా పోయాయి. ఆ తీగల కింద ఉన్న చాలా గూడేలకు మాత్రం బల్బు వెలగడానికి ఏళ్లకేళ్లు పట్టింది. ద్రాక్షారామంలో దీపానికి మందను ఇచ్చినవాడి పేరు రాతి మీద ఉంది. ఇక్కడ దీపానికి ఊరినే ఇచ్చినవాడి పేరు ఎక్కడా లేదు.

పోలవరం

ఇక పోలవరం. నిండు మట్టం 150 అడుగులు. ఆంధ్ర, తెలంగాణ విడిపోయినప్పుడు దీన్ని జాతీయ ప్రాజెక్టు చేశారు. ముంపు ఊళ్లు ఒకే రాష్ట్రంలో ఉండాలని 2014లో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపారు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. అందులో కోయలు, కొండరెడ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు, మనలో చాలామంది ఆ ఇళ్ల పిల్లలమే.

ఇక్కడ చట్టం లేక అన్యాయం జరగలేదు. ఐదో షెడ్యూలు ఉంది. 1/70 ఉంది. 1996 పెసా చట్టం ఉంది. గ్రామసభను అడగాలని ఉంది. అటవీ హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని 2006 చట్టం సెక్షన్ 4(5)లో ఉంది. 2005లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ ముంపు ఊళ్లలో ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదని 2011లో కేంద్ర పర్యావరణ శాఖే పని ఆపమని ఆర్డర్ ఇచ్చింది. తర్వాత ఆ ఆర్డర్‌నే పక్కన పెట్టి, ఆ పక్కన పెట్టడాన్నే మళ్లీ మళ్లీ పొడిగించారు. అనుమతి కాగితం ఉంది, ఆపమన్న కాగితం ఉంది, ఆపక్కర్లేదన్న కాగితం కూడా ఉంది. ఊరివాడి అభిప్రాయం రాసిన కాగితం మాత్రం లేదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు చూడలేదు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. రెండో దశ ముంపులో ఉన్నారు, మీకు ఇంకా టైం ఉంది అని చెప్పిన ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. కాంటూరు గీత నీళ్లకు తెలియదు కదా. మా మేనమామ వాళ్లు గుట్టెక్కి టార్పాలిన్ కింద ఉన్నారు. తిరిగొచ్చాక ఇంట్లో మోకాలి లోతు బురద. సాయానికి పేరు రాసుకోవడానికి వచ్చినాయన ముందు రేషన్ కార్డు అడిగాడు. కార్డు ఆ బురదలోనే ఉంది.

పునరావాస కాలనీ మ్యాపు చూడండి. ఇల్లు ఉంటుంది, సిమెంటు రోడ్డు ఉంటుంది, ట్యాంకు ఉంటుంది. ఇప్ప చెట్టు, తునికాకు, జీలుగు, పూర్వీకుల సమాధి రాళ్లు ఉండవు. వాటికి రేటు కట్టే కాలమ్ లేదు కాబట్టి అవి పోయినట్టు కూడా ఎక్కడా రాయరు. అడవికి బదులు ఇంకోచోట మొక్కలు నాటితే లెక్క సరిపోయిందంటారు. అడవి సర్వేలో ఒక హెక్టారు దాటిన చోట పది శాతం కొమ్మల నీడ ఉంటే చాలు, అది తోటైనా అడవి కిందే పడుతుంది. శాటిలైట్‌కు పచ్చగా కనబడితే చాలు. మనకు అందులో తినడానికి ఏం దొరుకుతుందో శాటిలైట్‌కు కనబడదు.

డెల్టా కూడా సుఖంగా లేదు

ఇంతా చదివి డెల్టా వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. కాలువ గట్టు మీద కూర్చున్న ఆ పెద్దాయన కౌలు రైతు. ఎకరం కూడా సొంతం లేదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వానే వదిలేసి పంట విరామం ప్రకటించారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ రెండు నెలలు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపు పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. పైన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుపోతోంది. కోరింగ మడ అడవి ఉంది కాబట్టి కొంత తీరమైనా నిలబడింది. అంటే కొండను లెక్కలోంచి తీసేసిన పద్ధతి, చివరికి డెల్టా పేదవాణ్ణి కూడా అలాగే తీసేస్తోంది. పైన మొదలైన తప్పు నదితోపాటు కిందికి దిగుతోంది.

అడిగినప్పుడు ఏమైంది?

అడిగితే ఏమీ కాదు అనుకునేవాళ్లకు రెండు సంగతులు. 1997 సమత తీర్పులో షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్ర ఏజెన్సీ నుంచే పోయింది. 2013లో ఒడిశా నియమగిరి మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని గ్రామసభలను అడగమని అదే కోర్టు చెప్పింది. 12 ఊళ్లను అడిగారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. డోంగ్రియా కోందుల కొండ ఇంకా ఉంది. ముందు అడిగిన చోట అడవి మిగిలింది. ముందే నిర్ణయించి తర్వాత నష్టపరిహారం మాట్లాడిన చోట మిగల్లేదు. నా దృష్టిలో ఒక దేశం ప్రకృతిని ఎలా చూసుకుంటోందో చెప్పే కొలత ఇదే.

ఇంకో మాట. గనుల విషయంలో 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. తవ్వినవాడు నష్టపోయిన ప్రాంతానికి కొంత కట్టాలి. 2008 జలవిద్యుత్ విధానంలో కొత్త ప్రాజెక్టులు స్థానిక అభివృద్ధికి ఒక శాతం ఉచిత కరెంటు ఇవ్వాలని ఉంది. సీలేరు కేంద్రాలు దానికి చాలా ముందువి. మరి పాత ప్రాజెక్టుల బాకీ సంగతి? ప్రతి దాళ్వాకు దిగే నీటి మీద, ప్రతి యూనిట్ కరెంటు మీద పై ఊళ్లకు ఇంత అని ఎందుకు ఉండకూడదు? మంద తీసుకున్న బోయ నెయ్యి పోసినట్టు, నీళ్లు తీసుకున్నవాళ్లు పై ఊరి చెలమకు ఒక బోరు, ఒక బడి, ఒక నర్సు ఇవ్వాలనడం గొంతెమ్మ కోరిక కాదు.

మనం చేయగలిగింది కూడా ఉంది. వచ్చే సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. ఊరి ఊటలు, వాగులు, పోడు చేలు, పూజ చేసే చెట్లు, సమాధులు ఎక్కడెక్కడున్నాయో పెద్దవాళ్లను అడిగి పేర్లతో సహా రాయండి. గ్రామసభ తీర్మానాల కాపీ ఉందేమో చూడండి, లేకపోతే అడగండి. సామూహిక అటవీ హక్కు దరఖాస్తుకు ఇవే సాక్ష్యాలు. ముంపు ఊళ్లవాళ్లయితే ఆలస్యం చేయకండి. నీళ్లొచ్చాక చూపించడానికి ఏమీ మిగలదు.

ద్రాక్షారామం నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సు కాలువ పక్కనే చాలాసేపు నడిచింది. మా ఫ్రెండు ఒకడు, వాడిది డొంకరాయి వైపు, కిటికీలోంచి నీళ్లు చూస్తూ “మా ఊరి నుంచి ఇక్కడికి నాకంటే ఇవే ముందొచ్చాయిరా” అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు.

మీ ఊళ్లో ఏ వాగు ఏ కాలువకు పోతుందో, దానికి మీవాళ్లు ఏం పోగొట్టుకున్నారో తెలిస్తే కింద రాయండి. రాయి దొరికేదాకా ఇక్కడే రాసి పెట్టుకుందాం.